బొమ్మకు జాతి ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లోని ఒక యానిమేషన్ స్టూడియోలో క్యారెక్టర్ డిజైన్ విభాగంలో పనిచేస్తున్నాను. అమెరికాలో ప్రసారం కాబోయే ఒక పిల్లల సీరియల్ పని మాకు వచ్చింది. అందులో ఆరుగురు పిల్లలు. నలుగురు తెల్లవాళ్లు, ఒక నల్లజాతి అమ్మాయి, ఒక భారతీయ సంతతి అబ్బాయి. తెల్లపిల్లల ముఖాలు ముందే ఖరారయ్యాయి. అదే ముఖం తీసుకుని అమ్మాయికి చర్మం రంగు మార్చి ఉంగరాల జుట్టు పెట్టమని, అబ్బాయికి రంగు మార్చి కళ్లద్దాలు పెట్టమని మా లీడ్ చెప్పారు. ‘మిగతాది గొంతు చూసుకుంటుంది’ అన్నారు. ఇది సరికాదేమో అని నేనంటే, ‘బొమ్మలకు జాతేమిటి, గీతలే కదా’ అని సహోద్యోగులు నవ్వారు. నేను అనవసరంగా పట్టించుకుంటున్నానా? అబ్బాయి పాత్రకు భారతీయులే గొంతు ఇవ్వాలనే వాదనలో నిజమెంత? మోడల్ షీట్లు (ఒక్కో పాత్ర ఎలా ఉండాలో యానిమేటర్లకు చూపే నమూనా బొమ్మలు) ఇవ్వడానికి ఇంకా నెల రోజుల గడువుంది.
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీ సహోద్యోగుల మాటలో సగం నిజముంది. చిత్రమేమిటంటే ఆ సగం మీ పక్షానే నిలుస్తుంది. సినిమాలో నటుడు తన ముఖంతో, తన గొంతుతో కెమెరా ముందుకు వస్తాడు. అతని జాతిని దర్శకుడు కొత్తగా కల్పించవలసిన పని లేదు. యానిమేషన్ పాత్ర ఖాళీ కాగితం మీద మొదలవుతుంది. చర్మం రంగును ఒకరు నిర్ణయిస్తారు, ముక్కును ఇంకొకరు గీస్తారు, పేరును రచయిత పెడతాడు, గొంతును ఎక్కడో రికార్డింగ్ గదిలో మరొకరు ఇస్తారు. కాబట్టి తెర మీది బొమ్మను చూసి ప్రేక్షకుడు ‘ఈ పాప నల్లజాతి పాప’ అనుకున్నాడంటే, అలా అనిపించడానికి కారణమైన ప్రతి గుర్తునూ ఎవరో ఒకరు ఎంచి పెట్టారన్నమాట. గీతలకు జాతి లేకపోవడం వల్లనే గీసేవారి మీద ఇంత బాధ్యత పడుతోంది.

ఇందుకు నాకు తెలిసిన అతి చక్కని ఉదాహరణ ఒక పొరపాటు నుంచి పుట్టింది. 1989 డిసెంబరులో ఫాక్స్ చానల్‌లో మొదలైన ‘ది సింప్సన్స్’ కార్టూన్ సీరియల్‌లో స్మిదర్స్ అనే పాత్ర ఉంది. అణువిద్యుత్ కేంద్రం యజమాని అయిన బర్న్స్ అనే ముసలి కోటీశ్వరుడికి అడుగులకు మడుగులొత్తే సహాయకుడు. 1990 జనవరిలో ప్రసారమైన ఒక భాగంలో ఆ స్మిదర్స్ ముదురు గోధుమ రంగు చర్మంతో కనిపించాడు. రంగులు వేయడంలో జరిగిన తప్పు అది. తర్వాతి భాగాల నుంచి అతడు మిగిలిన వారిలాగే పసుపు రంగులోకి వచ్చేశాడు. గీత మారలేదు, ఉద్యోగం మారలేదు, స్వభావమూ మారలేదు. అయినా తెల్ల యజమాని ముందు వంగి వంగి నిలబడే నల్లజాతి సేవకుడిని చూస్తే అమెరికా ప్రేక్షకుడికి బానిసత్వపు కాలం గుర్తుకు వస్తుంది. అదే పని పసుపు బొమ్మ చేస్తే అతడొక నవ్వు పుట్టించే భజనపరుడు మాత్రమే. ఒక్క రంగు సీసా తేడాతో మొత్తం కథకు అర్థం మారిపోయింది.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. పసుపు రంగు చర్మం ఏ జాతి మనిషికీ ఉండదు కదా, అయినా సింప్సన్ కుటుంబాన్ని ప్రపంచమంతా తెల్లవాళ్లుగానే ఎందుకు చూసింది? అదే ఊళ్లో కార్ల్ అనే నల్లజాతి పాత్రకూ, అపూ అనే భారతీయ దుకాణదారుకూ గోధుమ రంగు వేశారు కాబట్టి. వారికి ప్రత్యేకంగా రంగు వేయగానే, వేయనివారంతా తెల్లవారైపోయారు. గుర్తు లేని బొమ్మ ‘మామూలు మనిషి’. గుర్తు పడిన బొమ్మ ‘ఫలానా జాతి మనిషి’. కార్టూన్లలో ఆడపాత్రలను గీసే పాత పద్ధతి కూడా ఇదేనని మీరు గమనించే ఉంటారు: మగ ఎలుకకు ఏ గుర్తూ అక్కర్లేదు, దానికే పొడవాటి కనురెప్ప వెంట్రుకలూ తల మీద రిబ్బనూ పెడితే ఆడ ఎలుక.

మీ లీడ్ చెప్పిన పద్ధతిలో ఉన్న లోపం సరిగ్గా ఇదే. ఖరారైన ఆ నాలుగు ముఖాలను ఆయన ఏ జాతికీ చెందని అచ్చుముఖాలుగా భావిస్తున్నారు. అవి తెల్లపిల్లల కోసం గీసిన తెల్లపిల్లల ముఖాలు. వాటి మీద గోధుమ రంగు పూస్తే తయారయ్యేది రంగు పూసిన తెల్లపిల్లే తప్ప నల్లజాతి పిల్ల కాదు. అయితే ఆయన ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఈ పద్ధతి వెనుక ఒక భయం ఉంది, ఆ భయానికి గట్టి కారణమూ ఉంది.

అమెరికన్ కార్టూన్ పుట్టిన రోజుల్లో నల్లజాతి ముఖం అంటే ఒక తయారు నమూనా ఉండేది. పందొమ్మిదో శతాబ్దంలో తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని, పెదవులను పెద్దవిగా చిత్రించుకుని, తెల్ల చేతి తొడుగులు వేసుకుని నల్లవారిని వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల నుంచి ఆ నమూనా నేరుగా కాగితం మీదికి దిగింది. తొలి కార్టూన్ జంతువుల తెల్ల చేతి తొడుగుల మూలాన్ని చాలామంది చరిత్రకారులు అక్కడే వెతుకుతారు. సినిమా హాళ్ల కోసం తీసిన ఈ కార్టూన్లు తర్వాత టెలివిజన్‌కు వచ్చాయి. 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ తన చేతిలో ఉన్న వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో 11 చిత్రాలను ఇక టీవీలో చూపకూడదని పక్కన పెట్టింది. ఆ పదకొండింటిలో అవమానం ఏదో ఒక సన్నివేశానికి పరిమితం కాదు; కత్తిరించి తీసేయడానికి వీల్లేనంతగా బొమ్మల గీతలోనే కలిసిపోయి ఉంది.

మనందరం చూసిన ‘టామ్ అండ్ జెర్రీ’ సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. టామ్‌ను చీపురుతో తరిమే ఆ ఇంటి స్త్రీని గుర్తు తెచ్చుకోండి. లావుపాటి కాళ్లూ చెప్పులూ తప్ప ముఖం దాదాపుగా ఎప్పుడూ కనిపించదు. 1940లో వచ్చిన తొలి చిత్రం నుంచే ఉన్న ఈ పాత్రకు నల్లజాతి నటి లిలియన్ రాండాల్ఫ్ గొంతు ఇచ్చారు. తెల్లవారి ఇళ్లలో ఊడిగం చేసే నల్లజాతి ‘మామీ’ అనే అరిగిపోయిన నమూనాకు ఆమె నకలు. మన ఇళ్లలో ఆ కార్టూన్ చూసిన పిల్లలకు ఆ కాళ్ల వెనుక ఇంత చరిత్ర ఉందని తెలిసే అవకాశమే లేదు. 1960 దశకంలో టీవీ ప్రసారానికి వచ్చినప్పుడు కొన్ని భాగాల్లో ఆమెను తీసేసి, ఆ స్థానంలో సన్నటి తెల్ల స్త్రీని గీసి, గొంతు కూడా మార్చారు. అవమానం తొలగిందనే అనుకుందాం. దానితో పాటు ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి మనిషి కూడా తొలగిపోయింది. వెక్కిరింపు గీత గీయడం, అసలు గీయకపోవడం – ఈ రెంటి మధ్య మూడో దారి ఉందని అప్పటివారికి తోచలేదు. ‘అదే ముఖానికి రంగు మార్చండి’ అనే నేటి సలహా ఆ రెండో పద్ధతికి దగ్గరి చుట్టం. ముక్కును, పెదవులను ముట్టుకుంటే ఎక్కడ తప్పవుతుందోనన్న జంకుతో వాటిని తెల్లపిల్లల కొలతల్లోనే వదిలేయడం దాని సారాంశం.

మూడో దారి గురించి మీ పనిబల్ల దగ్గరి భాషలోనే చెబుతాను. నల్లజాతి అమ్మాయి జుట్టు టోపీలాగా తల మీద పెట్టేది కాదు. దానికి అల్లికలు ఉంటాయి, పాయలు తీసే పద్ధతులు ఉంటాయి, పండుగకు ఒక తీరు, బడికి ఒక తీరు ఉంటాయి. రాత్రి పడుకునేటప్పుడు జుట్టు చెదరకుండా పట్టుగుడ్డ కట్టుకుంటారు. వానలో తడిస్తే తెల్లపిల్ల జుట్టులాగా ముఖానికి అంటుకోదు. మీ సీరియల్‌లో ఈత కొలను సన్నివేశమో, స్నేహితురాలి ఇంట్లో రాత్రి గడిపే సన్నివేశమో ఉంటే ఆ జుట్టు ఎలా ఉండాలో మోడల్ షీట్ మీద ఇప్పుడే గీసి పెట్టాలి. లేకపోతే యానిమేటర్ తనకు అలవాటైన జుట్టునే గీస్తాడు. చర్మానికి ఒకే ఒక్క రంగు సంఖ్య ఇచ్చి ఊరుకోకండి. ముదురు చర్మం గలవారి అరచేతులు, అరికాళ్లు లేత రంగులో ఉంటాయి. చేయి ఊపే బొమ్మలో కూడా ఈ సంగతి మరిచిపోయిన కార్టూన్లు ఎన్నో. రాత్రి సన్నివేశాలకు విడిగా రంగుల పట్టిక తయారుచేయండి. తెల్లపిల్లల చర్మానికి సరిపోయేలా కూర్చిన నీలి వెలుతురులో ఆ అమ్మాయి కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది, అది మళ్లీ ఆ పాత వెక్కిరింపు బొమ్మ దగ్గరికే తీసుకుపోతుంది.

ఒక చిన్న మాట మన గురించి కూడా. పురాణ కథల కార్టూన్లలో రాముడూ కృష్ణుడూ నీలమేఘశ్యాములని కీర్తనల్లో పాడుకుంటూనే, తెర మీద దేవతలకు లేత రంగులు, రాక్షసులకు ముదురు రంగులు వేసే అలవాటు మనకుంది. ఇక్కడి రంగు పట్టింపు వేరు, అమెరికా జాతి చరిత్ర వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ చేతికి పట్టిన అలవాటు పనితో పాటు ప్రయాణం చేస్తుంది. ‘కొంచెం తేలిక చేయండి, బాగుంటుంది’ అని ఎవరైనా అన్నప్పుడు ఆ ‘బాగుంటుంది’ ఎవరి కంటికో ఒక్కసారి అడగండి.

ఇక గొంతు విషయం. ‘మిగతాది గొంతు చూసుకుంటుంది’ అన్న మాట వినగానే నాకు సింప్సన్స్‌లోని అపూయే గుర్తుకు వచ్చాడు. 1990లో మొదటిసారి కనిపించిన ఆ పాత్రకు హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు దాదాపు ముప్ఫై ఏళ్లపాటు గొంతు ఇచ్చారు. ఆ యాసకు తనకు స్ఫూర్తినిచ్చిన వాటిలో 1968 నాటి ‘ది పార్టీ’ సినిమాలో బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ ముఖానికి రంగు పూసుకుని వేసిన భారతీయుడి వేషం ఒకటని అజారియాయే చెప్పారు. అంటే ఆ గొంతు భారతీయుడి మాటకు అనుకరణ కాదు, భారతీయుణ్ణి అనుకరించినవాడికి అనుకరణ. అమెరికాలో పెరిగిన ఎందరో భారతీయ సంతతి పిల్లలు బడిలో ఆ యాసలోనే ఎగతాళికి గురయ్యారు. ఈ బాధను 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపూ’ అనే డాక్యుమెంటరీగా తీసి వాదనకు పెట్టినవాడు న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన తెలుగువాళ్ల బిడ్డ, హాస్యనటుడు హరి కొండబోలు. అతని అభ్యంతరం అపూ చెడ్డవాడని కాదు. నిజానికి ఆ పాత్రను రచయితలు కొంత ప్రేమగానే తీర్చారు: అతనికి కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ ఉంది, మంజుల అనే భార్య, ఒకే కాన్పులో పుట్టిన ఎనిమిది మంది పిల్లలు ఉన్నారు. కానీ చాలాకాలం పాటు అమెరికన్ టెలివిజన్‌లో వారం వారం కనిపించిన భారతీయుడు దాదాపుగా అతనొక్కడే. ఒక్కడే ఉన్నప్పుడు అతని ప్రతి వింత చేష్టా ఒక జాతి మొత్తం నెత్తిన పడుతుంది. ఆ సీరియల్‌లో వింత మనుషులైన తెల్లవాళ్లు వందమంది ఉన్నారు, కాబట్టి వారిలో ఎవరూ తెల్లజాతికి ప్రతినిధి కాలేదు.

2020 జనవరిలో అజారియా ఇక ఆ పాత్రకు గొంతు ఇవ్వనని ప్రకటించారు. అదే సంవత్సరం మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసుల చేతిలో చనిపోయాక దేశమంతటా లేచిన ఆందోళన కార్టూన్ల రికార్డింగ్ గదులను కూడా తాకింది. జూన్‌లో ‘బిగ్ మౌత్’లో నల్లజాతి మూలాలున్న మిస్సీ పాత్ర నుంచి జెన్నీ స్లేట్, ‘ఫ్యామిలీ గై’లో నల్లజాతివాడైన క్లీవ్‌లాండ్ పాత్ర నుంచి మైక్ హెన్రీ – ఇద్దరూ తెల్ల నటులే – తప్పుకున్నారు, శ్వేతేతర పాత్రలకు తెల్ల నటులు ఇకపై గొంతు ఇవ్వరని సింప్సన్స్ బృందం కూడా ప్రకటించింది.

మీ రెండో ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ఆ మార్పు న్యాయమైనదేననీ, అయితే చాలదనీ నా అభిప్రాయం. న్యాయమైనది ఎందుకంటే, తెల్ల నటులు అన్ని జాతుల గొంతులూ ఇస్తూ ఉండగా ఇతర జాతుల నటులను తెల్ల పాత్రలకు పిలిచిన సందర్భాలు అరుదు. దారి ఒకవైపే తెరిచి ఉండేది. గొంతుకూ బొమ్మకూ అన్నీ కలవాలనే నియమం మాత్రం ఎవరూ పెట్టలేరు. ‘ది బూన్‌డాక్స్’ అనే కార్టూన్ సీరియల్‌లో ఇద్దరు అన్నదమ్ములకూ రెజీనా కింగ్ అనే నటి ఒక్కరే గొంతు ఇచ్చారు, అది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. చాలదు అనడానికి కారణం ‘ఫినియస్ అండ్ ఫెర్బ్’లోని బల్జీత్. ఆ పాత్రకు గొంతు భారతీయ సంతతి నటుడు మౌలిక్ పంచోలీదే. అయినా బల్జీత్ మార్కుల కోసం వణికిపోయే చదువుల పురుగుగానే మిగిలాడు, ఎందుకంటే కాగితం మీద రాసింది అదే. మీ లీడ్ పెట్టమన్న కళ్లద్దాలు ఆ వరుసలోనివే. 1964లో ‘జానీ క్వెస్ట్’లో కలకత్తా నుంచి వచ్చిన హాడ్జీ అనే కుర్రాడు తలపాగా కట్టుకుని మంత్రాలు వేసేవాడు, ఇప్పుడు తలపాగా పోయి కళ్లద్దాలు వచ్చాయి, మంత్రం పోయి గణితం వచ్చింది. కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లలు ఉండకూడదని కాదు. ఆరుగురిలో ఆ ఒక్కడికే ఎందుకు ఉండాలన్నది ప్రశ్న.

దీనికి విరుగుడు ఏమిటో 1997లోనే ‘కింగ్ ఆఫ్ ద హిల్’ అనే కార్టూన్ సీరియల్ చూపింది. టెక్సాస్‌లోని ఒక వీధికి కాన్ అనే కొత్త పొరుగువాడు వస్తాడు. ‘నువ్వు చైనావాడివా, జపానువాడివా?’ అని అడుగుతారు. తాను లావోస్ వాడినని, అది ఆగ్నేయాసియాలో సముద్రతీరం లేని దేశమని, జనాభా ఎంతో కూడా చెప్పి అతడు వివరిస్తాడు. అంతా విని మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. ఆ హాస్యం ఎవరి అజ్ఞానం మీద నిలబడిందో చూడండి. పాత్రకు ఒక దేశం, ఒక వలస కథ, పక్కింటివాడి కంటే తనే ఎక్కువ తెలిసినవాడినన్న పొగరు ఉన్నాయి. ‘ఆసియావాడు’ అనే పెద్ద సంచిలో అతణ్ణి పడేయడం ఇక కుదరదు. చిత్రంగా, అప్పట్లో ఆ పాత్రకు గొంతు తెల్ల నటుడు టోబీ హస్‌ది. 2025లో సీరియల్ మళ్లీ మొదలైనప్పుడు ఆ గొంతు మలేసియాలో పుట్టిన చైనా సంతతి హాస్యనటుడు రానీ చీంగ్‌కు వెళ్లింది, అంటే లావోస్ ఇంకా దూరంగానే ఉంది!

కాబట్టి మీరు గీత మొదలుపెట్టే ముందు క్లయింటును అడగవలసింది చర్మం రంగు గురించి కాదు. ఈ అబ్బాయి కుటుంబం ఏ ప్రాంతం నుంచి వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఇంటిపేరు ఏమిటి? వాళ్లు గుంటూరు నుంచి వెళ్లి న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగువాళ్లయితే ఒక రకం ఇల్లు, మూడు తరాల కిందట గయానాకు వెళ్లి అక్కడి నుంచి న్యూయార్క్ చేరినవారైతే పూర్తిగా వేరే ఇల్లు. అక్కడ పుట్టిన పిల్లవాడికి పక్కింటి పిల్లల యాసే ఉంటుంది, భారతీయ యాస తల్లిదండ్రులది. నల్లజాతి అమ్మాయి విషయంలోనూ అంతే: ఆమె ఇంటివారు తరతరాలుగా అట్లాంటాలో ఉన్నవారా, నిన్న మొన్న నైజీరియా నుంచి వచ్చినవారా? జవాబులు రాకపోవచ్చు. చాలాసార్లు రచయితలే అంత దూరం ఆలోచించి ఉండరు, మీ ప్రశ్న చూశాకే ఆలోచిస్తారు. మాటల రికార్డింగు బొమ్మ కదలికల కంటే ముందే జరుగుతుంది గనుక, గొంతు నమూనాలు సిద్ధంగా ఉంటే అవీ తెప్పించుకోండి. గొంతు విని గీసిన నోరు వేరుగా ఉంటుంది.

మీ లీడ్‌తో మాట్లాడేటప్పుడు జాతి వివక్ష అనే మాటతో మొదలుపెట్టవద్దు. ఆయన తనను తాను కాపాడుకునే పనిలో పడతారు, బొమ్మ అలాగే ఉండిపోతుంది. బొమ్మలతోనే మాట్లాడండి. మన వృత్తిలో అందరికీ తెలిసిన నీడ పరీక్ష ఉంది కదా: ఆరుగురినీ నల్లటి ఆకారాలుగా పక్కపక్కన నిలబెట్టి, ఎవరు ఎవరో పోల్చమని అడగండి. తర్వాత రంగులు, జుట్టు, కళ్లద్దాలు తీసేసి, కేవలం గీతలతో ముఖాలు మాత్రమే చూపండి. చెప్పినట్టే గీస్తే ఆ ఇద్దరు పిల్లలూ రెండో పరీక్షలో మాయమవుతారు. పాత్రలు తెర మీద విడివిడిగా గుర్తుపట్టేలా లేకపోవడం వృత్తిపరమైన లోపం, అది ఏ లీడ్‌కైనా అర్థమవుతుంది. ఆ పక్కనే మీరు సొంతంగా గీసిన రెండో షీటు పెట్టండి. 2012లో డిస్నీ జూనియర్‌లో మొదలైన ‘డాక్ మెక్‌స్టఫిన్స్’ను ఆయనకు చూపించవచ్చు: బొమ్మలకు వైద్యం చేసే ఆ నల్లజాతి పాప కథలో జాతి గురించి ఉపన్యాసాలు ఉండవు, కానీ ఆమె జడలు ఆమెవే, తల్లి వైద్యురాలు, ఇంటిపట్టున ఉండి పిల్లల్ని చూసుకునేది తండ్రి. అన్ని జాతుల పిల్లలూ ఆ బొమ్మను కొనుక్కున్నారు. మీ క్లయింటుకు ఈ చివరి సంగతి ఎక్కువగా నచ్చుతుంది.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు కూడా మీ చేతిలో కొంత మిగిలే ఉంటుంది. జుట్టు తీరులు, అరచేతుల రంగు, రాత్రి సన్నివేశాల పట్టిక – వీటిని ఎవరూ అడ్డుకోరు, చాలామంది గమనించరు కూడా. అన్నిటికంటే ముఖ్యంగా గుంపు సన్నివేశాలను మీరే అడిగి తీసుకోండి. బడి వరండాలో నడిచే పిల్లలు, బస్సు డ్రైవరు, టీచరు, డాక్టరు, పక్కింటి తాతగారు – ఈ బొమ్మలను ఏ స్టూడియోలోనైనా చివరి వారంలో హడావుడిగా ఎవరో ఒకరికి అంటగడతారు. ప్రధాన పాత్రల్లో ఆ ఇద్దరు పిల్లలూ తమ తమ జాతికి ఏకైక ప్రతినిధులుగా ఉండాలా, లేక ఒక ఊళ్లో ఉండే నలుగురిలో ఒకరుగా ఉండవచ్చా అన్నది ఆ షీట్ల మీదే తేలుతుంది.